వఫ్రా గోంగూర, అడగని ప్రశ్న

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. నా నోటి పుణ్యమా అని నాకు ఊరే దక్కలేదు. దాదాపు మూడేళ్ళు ఎదురుచూసిన సెలవు, చేతిలో టికెట్టు, ఊళ్ళో అప్పటికింకా నేను కళ్ళారా చూడని కూతురు. ఈ మూడింటినీ ఒక గోంగూర సంచీలో కుక్కి ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వుదామనే చూస్తున్నాను గానీ ఇంకా రావడం లేదు.

నా పేరు సుబ్బరాయుడు. మాది రాయచోటి పక్కన ఒక పల్లె. కువైట్‌లో, జహ్రాలో ఒక కఫీల్ ఇంట్లో, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో డ్రైవర్ని. పిల్లల్ని బడికీ, మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బజారుకూ, కఫీల్‌ను ఆయన స్నేహితుల ఇళ్ళకూ తిప్పడం నా పని. నేను విమానం ఎక్కేనాటికి నా భార్య రవణమ్మకు ఐదో నెల. బిడ్డ పుట్టడం, బోర్లా పడటం, తప్పటడుగులు, అన్నీ ఫోన్లోనే చూశాను. చూస్తుండగానే పిల్లకు మూడో ఏడు వచ్చింది. చౌడమ్మ గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేస్తే గానీ మా వైపు ఆ కార్యం జరిగినట్టు లెక్క కాదు. ఆ మేనమామ, అంటే రవణమ్మ తమ్ముడు ఓబులేసు, వాడూ కువైట్‌లోనే ఉన్నాడు. దక్షిణాన వఫ్రాలో ఒక తోటలో పని. ఇద్దరి కఫీళ్ళ గడ్డాలూ పట్టుకుని ఒకేసారి సెలవు సంపాదించాం. గురువారం విమానం, ఆదివారం కార్యం. అక్కడ పొట్టేలును కూడా కొని కట్టేశారు.

ఇక్కడ నా రెండో ఉద్యోగం గురించి చెప్పాలి. దానికి జీతం లేదు. ఈ మధ్య కువైట్‌లో మత్తుమందుల చట్టం బాగా బిగించారు. ఆ చట్టం మీద ఫోన్లో వచ్చిన ప్రతి వీడియో చూసి, శుక్రవారం మనవాళ్ళు కలిసిన చోటల్లా పాఠం చెప్పేవాణ్ణి. "అమ్మినోడికి ఉరి దాకా పోతాది. దగ్గర పెట్టుకున్నోడికి జైలు. పక్కన కూసున్నోడికీ కేసే, తెలుసునా?" అని వేలెత్తి మరీ చెప్పేవాణ్ణి. వాళ్ళు సంగటి ముద్ద మింగుతూ తలూపేవాళ్ళు. జన్మలో బీడీ కూడా ముట్టని మనుషులు వాళ్ళు. అయినా నేను వదిలిపెడితే గదా. "లాయరు సుబ్బరాయుడు" అని పేరు కూడా పెట్టారు. దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. చూశారా నా తెలివి.

ప్రయాణానికి రెండు రోజుల ముందు నా గది బయట కూర్చుని గోంగూర వలుస్తున్నాను. ఓబులేసు తోటలో ఒక మూల వేసి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిన పైరు అది. కఫీల్ కొడుకు యూసుఫ్ అటుగా వచ్చాడు. అమెరికాలో చదువుకుని కొత్తగా తిరిగొచ్చిన కుర్రాడు, నాతో హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు.

"ఏమిటి సుబ్బా ఇది?"

"కూరాకు సర్. మావాళ్ళ ప్రాణం."

ఒక ఆకు తీసి అరచేతిలో పరుచుకున్నాడు. "ఐదు వేళ్ళున్నాయి. అచ్చం గంజాయి ఆకే."

"మీకెలా తెలుసు సర్?"

"నేను చదివిన రాష్ట్రంలో దాన్ని దుకాణంలో పెట్టి అమ్ముతారు. బిల్లు కూడా ఇస్తారు. పక్క రాష్ట్రంలోకి కారు దాటితే మాత్రం పోలీసులు పట్టుకుంటారు. నేను కొనలేదులే, చూశానంతే."

"రెండు చోట్లా అదే ఆకు గదా సర్?"

"అదే ఆకు. మధ్యలో గీత ఒకటి ఉంటుంది, అంతే."

"మరి ఇక్కడ?"

అతను నవ్వి, చూపుడు వేలితో తన మెడ మీద అడ్డంగా ఒక గీత గీసి లోపలికి వెళ్ళిపోయాడు. వాడికది సరదా. ఆ గీత అప్పటి నుంచీ నా మెడ మీదే ఉండిపోయింది. పాఠాలు చెప్పేవాడికి భయం ఉండదనుకుంటారు. వినేవాళ్ళకు లేని భయమంతా చెప్పేవాడికే ఉంటుంది.

బుధవారం కఫీల్‌ను అడిగి కారు తీసుకుని ఓబులేసును తెచ్చుకోవడానికి వఫ్రా వెళ్ళాను. అటు బస్సులు సరిగ్గా ఉండవు. ఓబులేసు పెట్టె పక్కన గోనెసంచీ ఒకటి నిటారుగా నిలబడి ఉంది.

"ఏందిరా ఇది?"

"గోంగూర బావా. మనం పోతే నీళ్ళు పోసే దిక్కు లేదు, ఎండిపోతాది. అంతా పీకినా. జహ్రాలో మనోళ్ళకు పంచుదాం."

"ఇది ఎట్లుండాదో చూసినావా?"

"గోంగూర మాదిరే ఉండాది."

"ఒరే, అమెరికాలో ఒక రాష్ట్రంలో ఇట్లాంటి ఆకునే..."

"మనం యాడికి బావా పొయ్యేది, రాయచోటికి గదా."

మా ఓబులేసుతో ఇదే కష్టం. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు, నాలుగూ సరిగ్గానే ఉంటాయి. సంచీని డిక్కీలో తొక్కాం. "మూత సరిగ్గా పడినట్టు లేదు బావా," అన్నాడు. "గమ్మునుండు, పడిందిలే," అన్నాను. దారి పొడుగునా మెడ తడుముకుంటూనే నడిపాను.

జహ్రా దగ్గర పడుతుండగా రోడ్డు మీద పోలీసులు. అది వింతేమీ కాదు, ఇక్కడ మామూలే. ఇఖామా, అంటే నివాస కార్డు, చూపిస్తే యల్లా అంటారు, పోతాం. ఒక కుర్ర పోలీసు చెయ్యెత్తాడు. ఆపాను. అద్దం దించాను. అతను వంగి, ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు.

అతని నోట్లోంచి మాట రాకముందే నా నోట్లోంచి వచ్చేసింది.

"వల్లా సర్, హషీష్ మాఫీ. గంజాయి లేదు సర్. డిక్కీలో అసలే లేదు."

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. వాడు నాకంటే వెయ్యి రెట్లు నయం. పాపం, వాడినెవరో దొంగ అనైనా అన్నారు. నేను ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకుని, చొక్కా విప్పి, ఇదిగో చూడండి అని వీపు తిప్పాను.

పోలీసు తెరిచిన నోరు మూసుకున్నాడు. ముఖం మారిపోయింది.

"ఏం లేదు?" అన్నాడు.

"ఏమీ లేదు సర్."

"డిక్కీలో ఏమీ లేదా?"

"ఒక సంచీ ఉంది సర్. ఆకులు."

అతను వెనక్కి నడిచాడు. మిగతా పోలీసులూ నడిచారు. ఓబులేసు నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అన్నాడు. "బావా, ఆయప్ప ఏమీ అడగలా."

స్టేషన్‌లో ఆఫీసరు బల్ల మీద గోంగూర కుప్పగా పోశారు. ఐదు వేళ్ళ ఆకులు, ఒక్కొక్కటీ నన్నే చూపిస్తున్నట్టున్నాయి.

"ఇది ఏమిటి?"

"గోంగూర సర్. తింటాం."

"తిన్నాక ఏమవుతుంది?"

"ఇంకా తినాలనిపిస్తుంది సర్."

ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు పక్కనున్న వాడి వైపు చూసి ఏదో రాసుకోమన్నాడు. అప్పుడైనా నేను ఆగాలా వద్దా? నిజం నిరూపించి తీరాలని గుప్పెడు ఆకులు తీసి కసకసా నమిలి, "పులుపు సర్, వట్టి పులుపు, మీరూ రుచి చూడండి" అంటూ ఇంకో గుప్పెడు ఆయన ముందుకు చాపాను. ఇద్దరు వచ్చి నా దవడలు పట్టుకున్నారు. సాక్ష్యాన్ని మింగుతున్నాడని ఒకడు, తన కళ్ళ ముందే మత్తు ఎక్కించుకుంటున్నాడని ఇంకొకడు అరిచారు. ఆకులతోబాటు నా రక్తం కూడా పరీక్షకు రాశారు.

కఫీల్‌ను పిలిపించారు. ఆయన యూసుఫ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "యూసుఫ్ సర్‌కు తెలుసు సర్, అడగండి," అన్నాను. ఆఫీసరు ఒక ఆకు చూపించాడు. కుర్రాడు అబద్ధం చెప్పడు, మంచి పెంపకం.

"అచ్చం గంజాయి ఆకులాగే ఉంది," అన్నాడు.

"నీకంత బాగా ఎలా తెలుసు?" అన్నాడు ఆఫీసరు.

కఫీల్ మెల్లగా తల తిప్పి కొడుకు వైపు చూశాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య నడిచిన అరబ్బీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. నా పేరు మాత్రం చాలాసార్లు వినబడింది. కాసేపటికి ఇద్దరూ వెళ్ళిపోయారు, నన్ను చూడకుండానే.

పరీక్ష ఫలితం వస్తుందేమోనని గురువారమంతా తలుపు వైపే చూశాం. రాలేదు. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు. గోంగూరకైనా గంజాయికైనా సెలవు సెలవే. విమానం మా రెండు సీట్లూ ఖాళీగా పెట్టుకుని వెళ్ళిపోయింది. చట్టంలో ఏ నేరానికి ఎంత శిక్షో నాకు కంఠతా వచ్చు గదా. నాలుగు గోడల మధ్య దాన్నంతా నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఉరి దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. ఓబులేసు నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కసారి మాత్రం, "పాప నన్ను జూసి ఏడుస్తాదేమో, ఒళ్ళో ఎట్ల కూసోబెట్టుకోవాల్నో అనుకుంటాంటి బావా," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంతకంటే పెద్ద శిక్ష ఏ చట్టంలోనూ రాసి లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. తినే ఆకుకూర. నా రక్తంలోనూ ఏమీ లేదు. ఖలాస్, పొండి అన్నారు. కారు తాళాలు ఇవ్వడానికి రోడ్డు మీద ఆపిన ఆ కుర్ర పోలీసే వచ్చాడు. నా మీద జాలిపడ్డట్టున్నాడు.

"ఒక్కటి చెప్పు సదీక్," అన్నాడు, స్నేహితుణ్ణి పిలిచినట్టు. "ఆ రోజు నేనేమీ అడగలేదు. ఎందుకలా అన్నావు?"

"మరి ఎందుకు ఆపారు సర్?"

"నీ డిక్కీ మూత సరిగ్గా పడలేదు. సంచీ కింద పడుతుందేమో, చూసుకో అని చెబుదామని ఆపాను."

నేను ఓబులేసు వైపు చూడలేదు. చూసే ముఖం నాకు లేదు.

బయటికొచ్చి ఫోన్ తెరిస్తే రవణమ్మ వీడియో కాల్. మావాళ్ళ ద్వారా ఆమెకు అప్పటికే అంతా తెలిసింది.

"గోంగూర కోసరం జైలుకు పోయినోడు మన వంశంలో ఉండాడా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కార్యం ఆపలేకపోయినాం. వరసకు తమ్ముడని పెద్దమ్మ కొడుకును కూసోబెట్టినాం. చూడు." ఫోన్ తిప్పింది. చందనం పూసిన చిన్న గుండు ఎండలో మెరుస్తోంది. ఓబులేసు ఫోన్ అద్దం మీద వేలు పెట్టి ఆ గుండు నిమిరాడు. కాల్ కట్టయిపోయింది.

కఫీల్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు గానీ, సెలవు మళ్ళీ ఇవ్వడానికి రంజాన్ దాటాల్సి వచ్చింది. చివరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. మా వాకిట్లో అడుగు పెట్టేసరికి పాప తల నిండా వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. తల్లి కొంగు పట్టుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. చూసి అడిగింది.

"ఎవురు?"

అడగని చోట అంత గడగడా వాగిన నోరు, జీవితంలో నన్ను నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒకరు అడిగితే పెగల్లేదు. చివరికి నా వెనకనుంచి ఓబులేసే చెప్పాడు.

"మీ నాయన పాపా."

కాబట్టి ఇందుమూలంగా, చౌడమ్మ తల్లి సాక్షిగా, డిక్కీ మూత గట్టిగా వేసి మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పోలీసులు గానీ, కఫీళ్ళు గానీ, ఏ దేశపు ఏ రాష్ట్రపు చట్టం గానీ నన్ను అడగనిదే నోరు తెరవను. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మళ్ళీ ఎవరైనా అడిగితే, ఓబులేసు కంటే ముందు నేనే చెబుతాను.