దిద్దని గీత

విజయవాడలో పదిహేనేళ్లు సైన్‌బోర్డులు రాశాను. ఏ కొట్టు బోర్డయినా సరే, రోడ్డు అవతల నుంచే చూసి అది నా చేతిరాతేనని జనం చెప్పేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఇప్పుడు దేశం దాటొచ్చి, పాపటోయిటోయి అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతున్నాను. పన్నెండేళ్ల మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. నేను రాసిన బోర్డు ఒక్కటీ చూడలేదు. ఆ బాధ నాకు లోపల ఉండేది.

దగ్గర్లోని బోటనీ డౌన్స్‌లో ఒక హాల్లో శనివారం పొద్దున చైనా కుంచెరాత నేర్పుతారని తెలిసి, మా అమ్మాయితోపాటు నేనూ చేరాను. నేర్పేది రిటైరైన చైనా టీచరమ్మ. అందరికీ ఆంటీయే. బాగా కుదిరిన గీతకు ఎర్రసిరాతో సున్నా చుట్టడం వాళ్ల ఆచారం. మొదటిరోజే మా అమ్మాయికి మూడు సున్నాలు. చేయి తిరిగిన నాకు ఒక్కటీ లేదు. తల కొట్టేసినట్టయింది.

తప్పు నాదే. బోర్డు రాసేవాడు ముందు అంచు గీసి, తర్వాత రంగు నింపి, వంకరుంటే దిద్దుతాడు. అక్కడా అదే చేశాను.

"దిద్దొద్దు. ఒకసారి వేశాక అంతే," అనేది ఆంటీ.

వాళ్ల అక్షరాలు ఒకప్పుడు ఎముకల మీద చెక్కినవట. కుంచె రాత పెరిగాక గీతకు లావూ సన్నం వచ్చాయి. పోనుపోను, చేయి ఆగకుండా పరిగెత్తే రాత పుట్టింది. తాటాకు చిరగకుండా గంటంతో రాసీ రాసీ మా అక్షరాలు గుండ్రంగా అయ్యాయంటారని నేనూ చెప్పాను.

"అయితే నీ చేయీ పాతదే," అంది. ఉబ్బిపోయాను.

నాలుగు నెలలు ఒకే అక్షరం రాశాను. వాళ్ల ఒకటి అంకె, అంటే ఒక్క అడ్డగీత. ఒకరోజు కుంచెలో సిరా చాలక గీత చివర తెల్లచారలు పడ్డాయి. నింపేద్దామని నా చేయి సిరా వైపు వెళ్లింది.

"నాన్నా, నో! వదిలెయ్!" అంది మా అమ్మాయి.

పంటిబిగువున కుంచె కింద పెట్టాను. ఆంటీ వచ్చి చాలాసేపు చూసింది. చేతి వేగం ఆ చారల్లోనే తెలుస్తుందట. వాళ్ల పాతకాలపు గురువులు దాన్ని ఎగిరే తెలుపు అన్నారట. అక్కడే ఎర్రసున్నా చుట్టింది.

దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాను. మొన్న ఇంటికొచ్చిన ఒకాయన, "ఇంత ఫ్రేముకి ఒక్క గీతేనా?" అని నవ్వాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి తెలుగు మాటలు వెతుక్కుంటూ లేచింది.

"అంకుల్, అది మా నాన్న రాశాడు. మా నాన్న ఆర్టిస్ట్."