కప్పు అవతల తాడు పట్టిన చెయ్యి

"కట్టకమ్మా. పడిపోతే పడిపోనీ," అన్నాడు నా కొడుకు తవుడు.

"ఉన్న ఇల్లు పడిపోవాలని కోరుకుంటన్నావేటిరా?"

"అవును, కోరుకుంటన్నాను. కిందటి తుపానుకి ఇల్లు కూలిపోయినోల్లందరికీ గవర్నమెంటు ఇల్లకి పేర్లు రాసినారు. ఇప్పుడాల్లు సిమెంటు కప్పు కింద పడుకుంటన్నారు. మనిల్లు నిలబడిపోనాది. మనకేటొచ్చినాది? ఒక టార్పాలిను పట్టా ఇచ్చినారు, కప్పు మీద కప్పుకోమని."

"నువ్వు పుట్టింది ఈ కమ్మల కిందేరా."

"నా పిల్లలు దీని కింద పెరగరు. ఈసారి కూడా నువ్విది నిలబెట్టినావంటే, నానూ నా పెళ్ళాం పిల్లలూ ఇందులో ఉండం. తాడు నాను పట్టుకోను. ఎవల్ని తెచ్చుకుంటావో తెచ్చుకో."

అలా అనేసి రేవుకి వెళ్ళిపోయాడు. అక్కడ పడవలు పైకి లాగుతున్నారు. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. రాత్రికి తుపాను తీరం దాటుతుందని పొద్దుటి నుంచీ మైకులో చెబుతూనే ఉన్నారు. కోడలు పిల్లలిద్దరినీ తీసుకుని ముందే తుపాను షెల్టరుకి వెళ్ళిపోయింది. ఇరుగుపొరుగు కూడా వెళ్ళిపోయారు. వీధిలో నేనూ కుక్కలూ మిగిలాం.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, తెల్లారకముందే శ్మశానం పక్క ఇసకదారిలో ఒక్కదాన్నే నడిచాను. ఒకటి కనబడింది లేదు, వినబడింది లేదు. గాలి సోకిందని ఎవరైనా ఏడిస్తే, అన్నం తిని పడుకోమని చెప్పేదాన్ని. మూడో తరగతితో బడి మానేశాను. రాయడం నాకు కష్టమే. అందుకే జరిగింది తప్ప ఇంకో మాట రాయను.

మాది భావనపాడు దగ్గర ఒక పల్లె, తాటికమ్మల ఇల్లు. తుపాను వస్తుందంటే మా ఇళ్ళని కూడా పడవల్లాగే కట్టుకోవాలి. కప్పు మీద పాత వల పరవాలి. వల మీదుగా మోకులు, అంటే లావు తాళ్ళు, వేసి, ముందూ వెనకా పాతిన రాటలకి బిగించాలి. మోకు చివర రాయి కట్టి ముందువైపు నుంచి ఒకరు కప్పు మీదుగా విసరాలి. వెనక నిలబడ్డ మనిషి అందుకుని, లాగి, రాటకి కట్టి, రెండుసార్లు గుంజాలి. ఆ రెండు గుంజులూ చేతికి తెలిశాకే ఇవతల ముడి వెయ్యాలి. కప్పు అడ్డు కాబట్టి ఒకరికొకరు కనబడరు.

ఈ పద్ధతి పెట్టింది మా అత్త. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ముందువైపు నేను, వెనకవైపు ఆవిడ. మా ఇద్దరికీ ఏనాడూ పడలేదు. నా వంట బాగోలేదనేది, నా బేరం బాగోలేదనేది. ముందు పుట్టిన నా ఇద్దరు బిడ్డలు దక్కకపోతే అదీ నా తప్పేనంది. మూడోవాణ్ణి చేటెడు తవుడుకి అమ్మి మళ్ళీ కొని, ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. ఏళ్ళ తరబడి ఆవిడ నన్ను తప్పు పట్టని పని ఏదైనా ఉందంటే అది తాళ్ళు వేసే ఆ ఒక్క పూటే. ఆవిడ పోయి మూడేళ్ళయింది. మా ఆయన అంతకు ముందే పోయాడు. అత్త పోయాక వెనక తవుడు నిలబడేవాడు.

ఆ రోజు మిగతా పనులన్నీ అయిపోయాయి. కార్డులూ కాగితాలూ కవర్లో చుట్టి నడుముకి కట్టుకున్నాను. అగ్గిపెట్టె సీసాలో పెట్టి మూత బిగించాను. కరెంటు పోతే మోటారు ఉండదని చెంబుతో సహా అన్నీ నీళ్ళతో నింపాను. మేకని విప్పి వదిలేశాను, కట్టేస్తే కట్టు దగ్గరే చస్తుంది. వల ముందురోజే నిచ్చెన వేసుకుని పరిచాను. ఇంక ఆరు మోకులు వెయ్యడమే మిగిలింది.

మొదటిది విసిరి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. వెళ్ళేసరికి గాలి దాన్ని పక్కవాళ్ళ కంచె మీదికి ఈడ్చేసింది. తీసి రాటకి కట్టి ముందుకొచ్చి లాగితే, అవతల ముడి జారిపోయింది. ఎదురు లాగే మనిషి లేకపోతే మోకు బిగియదు. మళ్ళీ విసిరాను. మళ్ళీ వెనక్కి వెళ్ళాను. మళ్ళీ జారింది. వాన మొదలైంది. నాకు అరవై ఏడేళ్ళు. అరచేతులు చీరుకుపోయాయి.

గుమ్మంలో కూలబడ్డాను. తవుడు అన్న దాంట్లో అబద్ధం లేదు. ఒక్క గదిలో అయిదుగురం. ప్రతి రెండేళ్ళకీ కమ్మలు మార్చాలి. వానొస్తే పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. కానీ నిలబడి ఉన్నదాన్ని చేజేతులా పడనివ్వడం నాకు చేతకాదు. ఇంకొక్కసారి విసురుతాను, ఇదీ జారితే వాడన్నట్టే పోనీ, నేనూ షెల్టరుకి పోతాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

విసిరాను. రాయి నేల మీద పడ్డ చప్పుడు రాలేదు. వెనక్కి వెళ్ళడానికి ఊపిరి కూడదీసుకుంటున్నాను. చేతిలో మోకు కదిలింది. మెల్లగా ముందుకు పాకి, కర్రలా బిగుసుకుంది. తరవాత రెండు గుంజులు.

తవుడు మనసు మార్చుకుని వచ్చాడనుకున్నాను. "వచ్చినావేటిరా?" అని కేకేశాను. పలకలేదు. అలిగి ఉన్నాడులే అనుకుని నా వైపు ముడి వేశాను. రెండోది విసిరాను. మళ్ళీ చప్పుడు లేదు, మళ్ళీ బిగిసింది, మళ్ళీ రెండు గుంజులు. "నోరు పడిపోయినాదేటి, మాటాడవు?" అని తిట్టాను. మూడు, నాలుగు, అయిదు కూడా అలాగే బిగిశాయి. ఆరో మోకుని ఎంత గట్టిగా లాగారంటే, నా అరచెయ్యి ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. తవుడు ఎప్పుడూ అంత బలంగా లాగలేదు.

వెనక్కి వెళ్ళాను. ఎవరూ లేరు.

ఆరు రాటలకీ ఆరు మోకులు కట్టి ఉన్నాయి. ముళ్ళు దగ్గరగా చూశాను. అన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. మా అత్తది ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన ముడి ఎప్పుడూ అలా ఎదురు తిరిగే ఉండేది. అది విప్పలేక మేమంతా విసుక్కునేవాళ్ళం. మా వీధిలో ఇంకెవరిదీ ఆ వాటం కాదు. తడి ఇసకలో అడుగులు వెతికాను. మొదట రెండుసార్లు నేను వచ్చి వెళ్ళిన అడుగులే ఉన్నాయి. వానకి చెరిగిపోయాయందామా అంటే, నావెందుకు చెరగలేదు?

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఒక పూట కూడా నన్ను నా ఇష్టానికి వదలని మనిషి, చివరికి ఇందులో కూడా వదల్లేదు. అప్పుడే కత్తి తెచ్చి ఆ మోకులు కోసేయొచ్చు. కొయ్యలేదు. అది మాత్రం నేను చేసిందే.

ఆ రాత్రి షెల్టరులో తవుణ్ణి అడిగాను. తను ఇంటికి రాలేదన్నాడు. వాడితో పడవలు లాగినవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను. చీకటి పడేదాకా వాడు రేవు కదల్లేదన్నారు. ఇరుగుపొరుగువాళ్ళని అడిగాను. మధ్యాహ్నం నుంచి మేమెవరం షెల్టరు గుమ్మం దాటలేదన్నారు. నన్ను జాలిగా చూశారు కూడా. ఆ తాళ్ళు ఎవరు పట్టారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. మా అత్తే అని నేను అనను. కాదని కూడా అనలేను.

తెల్లారి వాన తగ్గాక అందరం ఇళ్ళకి వెళ్ళాం. మా వరసలో ఉన్న కమ్మల ఇళ్ళలో మాదొక్కటే నిలబడింది. పది గంటలకి పేర్లు రాసుకునే ఉద్యోగి వచ్చి, పడిన ఇళ్ళకి ఫోనుతో ఫొటోలు తీశాడు. మా గుమ్మం ముందు ఆగి, ఏమీ పడలేదా అని అడిగాడు.

"లేదు సార్. మాయమ్మ కట్టుకున్నాది," అన్నాడు తవుడు.

అతను పక్కింటికి వెళ్ళిపోయాడు.

పడిన చెట్లు తప్పించుకుంటూ ఒక ఆటో వచ్చింది. పెట్టే, పిల్లల బడి సంచులూ తవుడు అందులో పెట్టాడు. "ఎల్లొస్తాం అత్తా," అంది కోడలు. తవుడు ఆ మాట కూడా అనకుండా ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వాళ్ళు కోడలి పుట్టింటి ఊరికి వెళ్ళిపోయారు.

నేను లోపలికి వెళ్ళాను. కట్టెలు ఒక్కటీ తడవలేదు. ఒక్కదానికి గంజి కాచుకున్నాను.