మోకాలి పైన కట్టిన తోలు పట్టా

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, శ్రావణంలో ఒక మంగళవారం, పొద్దున ఎనిమిది గంటలు. లోకో షెడ్డు కూత అప్పుడే ఆగింది. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. కుడికాలి వెండి కడియాన్ని అలవాటుగా తిప్పబోతే తిరగలేదు. అదేమిటా అని చూసుకునేలోపు చలిజ్వరంతో వణుకు పట్టుకుంది. చేట జారి బియ్యం నేలపాలయ్యాయి. మా కూతురు వచ్చి ఎత్తింది. గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. అక్కడి నుంచి తొడ మీదుగా ఎర్రటి చార కిందికి దిగింది.

నేను చదువుకున్న మనిషిని కాను. యాభై దాటాక మా రైల్వే కాలనీ ఆడవాళ్ళ బడిలో అక్షరాలు దిద్దాను. రాతలో తప్పులుంటాయి. జరిగినదాంట్లో తప్పు లేదు.

మా ఆయనకు రాయపూర్ స్టేషన్ పంపుహౌసులో పని. ఇంజన్లకు నీళ్ళెక్కించే పంపు ఆయన చేతిలో ఉండేది. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. కాలు నొక్కి చూశాడు. వేలు పెట్టినచోట గుంట పడింది.

"ఇది నీరేనే. పైనుంచి దిగతంది. పైన వాల్వు కట్టేత్తే కింద నిండదు" అన్నాడు.

పంపుకు బెల్టుగా వాడి తీసేసిన తోలు పట్టా ఇంట్లో ఉంది. దాన్ని నా మోకాలి పైన రెండు చుట్లు చుట్టి బిగించాడు. మా అత్త కాలు కదలకుండా పట్టుకుంది. పక్క క్వార్టరు సుఖవారో మా కేకలు విని వచ్చింది. రాయపూర్ పక్కనే ధర్సీవా దగ్గర పల్లెటూరి మనిషి. "ఝన్ బాంధ్ దీదీ" అంది. కట్టొద్దక్కా అని. వాళ్ళ దూడ కాలికి తాడు బిగుసుకుంటే, తాడు కింద కాలు ఉబ్బి చర్మం పగిలిందట.

"దూడ కాలికీ నా కాలికీ పోలికేటి? ఆయన ఇంజన్లకి నీళ్ళు పెట్టే మనిషి. నువ్వు ఊరుకో" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

మూడోనాటికి పాదం నల్లబడింది. కడియం మాంసంలో దిగబడి కనిపించలేదు. దాని పక్కన చర్మం చిట్లి నీరు కారడం మొదలైంది. రక్తం కాదు, లేత పసుపు నీరు. గుడ్డ మార్చిన కాసేపటికే మళ్ళీ తడిసేది. ఒంట్లో ఇంత నీరు ఎక్కడిదో నాకు తెలియలేదు. చూస్తూ పడుకోవడమే నా పని.

మా ఆయన పట్టా విప్పి, ఇనుము కోసే రంపం తెచ్చాడు. అత్త అడ్డం పడింది.

"మొగుడు బతికుండగా కడియం తీత్తారేట్రా?"

"ఆ మొగుణ్ణి నానే కదేటే అమ్మా. నానే కోత్తన్నాను. లెగు" అన్నాడు.

నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది. కడియం రెండు ముక్కలైంది. ఆ సాయంత్రమే రిక్షాలో ఆస్పత్రికి చేర్చారు.

డాక్టరు బెంగాలీ ఆయన. కాలు చూసి, "మీది ఏ ఊరు?" అన్నాడు హిందీలో. సముద్రం వైపు అన్నాము. అటువైపు ఈ రోగం ఎక్కువేనని తల ఊపాడు. పగలు తీసిన రక్తంలో ఏమీ కనబడలేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయట. రాత్రి మళ్ళీ సూది గుచ్చి తీశారు. కనబడ్డాయి.

నీరు ఎక్కడిదని అడిగాను. డాక్టరు మా ఆయన వైపు తిరిగి చెప్పాడు.

"రక్తానికి గుండె పంపు. సన్న నాళాల దగ్గర రక్తంలోంచి కొంత నీరు ఊటలా బయటికొస్తుంది. మాంసాన్ని తడిపి, తిండి అందిస్తుంది. దానినే టిష్యూ ఫ్లూయిడ్ అంటాం. చాలావరకు తిరిగి రక్తంలోకే పోతుంది. మిగిలినది వేరే నాళాల్లో చేరుతుంది. అది లింఫ్. గజ్జలో బిళ్ళల దగ్గర వడకట్టుకుని, పైకి పోయి, మెడ కింద మళ్ళీ రక్తంలో కలుస్తుంది. దానికి గుండెలాంటి పంపు లేదు. నడిచినప్పుడు కండలు పిండితే పైకి జరుగుతుంది. ఈమె పురుగులు ఆ నాళాల్లోనే కాపురం పెట్టాయి."

"మరి నాను కట్టిన కట్టు?" అన్నాడు మా ఆయన.

"ఆ నీరు పైకి పోవాలి. నువ్వు పోయే దారి కట్టేశావు."

"ఈ రోగం నా కట్టు వల్లే వచ్చిందా బాబూ?"

"రోగం ఎప్పటిదో. పుండు మాత్రం నీదే."

ఆయన బయటికి పోయి చాలాసేపు రాలేదు.

పెన్సిలిన్ సూదులు పొడిచారు. జ్వరం తగ్గింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. పురుగుకు మాత్రలిచ్చారు. కాలు పాతకాలు అవుతుందా అని ప్రతిసారీ అడిగేదాన్ని. చివరికి డాక్టరు విసుగు లేకుండానే చెప్పాడు. "చెడిన నాళాలు బాగుపడవమ్మా. పెరగకుండా చూసుకోగలం." మరుసటి వానాకాలం మళ్ళీ అదే వణుకు, అదే బిళ్ళ. ఆపైన వానాకాలం కూడా. వచ్చినప్పుడల్లా కాలు కొంచెం లావెక్కి ఆగేది. ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు కుడికాలు ఎడమకాలికి రెండింతలుంది. కడియం ముక్కలు పెట్టెలో ఉన్నాయి. రోజూ పొద్దున మా ఆయన నా కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, గుడ్డపట్టీ చుడతాడు. మొదట్లో అత్త మొహం తిప్పుకునేది. "పెళ్ళాం కాలు పట్టుకుంతాడేటి" అని. ఇప్పుడు పట్టీ ఆవిడే ఉతికి ఆరేస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వాస్తే నేను చెప్పేది ఇది. కాలికి ఎక్కడా ఏదీ బిగించవద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపొండి. ఆస్పత్రివాళ్ళు పట్టీ చుట్టమంటే వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి.

ఆ మంగళవారం మా గుమ్మంలో ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. కట్టినవాడు మా ఆయన అప్పలనర్సయ్య. కాలు పట్టుకున్నది మా అత్త పైడమ్మ. నేలమీది బియ్యం ఎత్తింది మా కూతురు సత్యవతి. వద్దన్నది సుఖవారో. ఆమెను ఊరుకోమన్నది నేను, సింహాచలం.