తప్పంతా వంటగదిదే

ఆ పెద్ద హోటలు భోజనశాలలో ఆర్డర్లు తీసుకునే కెప్టెన్‌గా పనిచేసే ఆయనకి కోపం ముక్కు మీద ఉండేది కాదు. ముక్కు మీద ఉంటే ఎప్పుడైనా జారి కింద పడేది. ఆయనకది నాలుక చివరే కాపురం ఉండేది. పూటకొకసారైనా వంటగది మీద విరుచుకుపడకపోతే తిన్నది అరిగేది కాదు. అందరూ ఆయన్ని కస్సుబుస్సు కెప్టెన్ అనేవారు. వంటమాస్టరు మాత్రం బావ అనేవాడు. అక్కనిచ్చాక ఇంకేమంటాడు పాపం!

ఆ హాలుకి పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో బిలియర్డ్స్ గది, తర్వాత బార్. కోటు, టోపీ లేనివాళ్లని గుమ్మంలోనే ఆపేసేవారట. కొన్నాళ్లకి బార్‌ని ఒక మూలకి జరిపి మిగతాదంతా భోజనశాల చేశారు. ఆ టేకు కౌంటరూ నిలువుటద్దాలూ చూసి ముచ్చటపడి ఎవరైనా పాత కబుర్లు అడిగారా, కెప్టెన్‌కి చిర్రెత్తుకొచ్చేది.

"ఏం చరిత్రండీ! ఒంటి మీద కోటు లేదని మనిషిని ఆకలితో వెనక్కి పంపిన గది ఇది. ముందు సూపు తాగండి, చల్లారిపోతోంది!"

అతిథుల మీద కోపం అంతటితో సరి. అసలుదంతా వంటగదికీ హాలుకీ మధ్యనున్న వడ్డన కిటికీ దగ్గరికి దాచుకునేవాడు. అక్కడ నిలబడి హాలంతా మార్మోగేలా అరిచేవాడు.

"ఈ చేప ఎవరు చెయ్యమన్నారు?"

"నువ్వే కదా బావా, ఇందాక..."

"నేనా? చేసిన వెధవపని చాలక నా నెత్తిన రుద్దుతావా?"

వంటమాస్టరు అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. చెప్పింది బావే, కాదనేదీ బావే! ఏమైనా అందామంటే బావ ఆ పళ్లెం పట్టుకుని హాల్లోకి మాయమయ్యేవాడు. అందులోది ఏమయ్యేదో మాస్టరుకి తెలీదు. వంటబట్టలతో హాల్లో అడుగుపెట్టకూడదని నియమం. ఓరోజు కడుపుమంట ఆపుకోలేక అక్క దగ్గర మొరపెట్టుకున్నాడు.

"ఇంట్లో ఆయన నోరెత్తర్రా," అంది అక్క. "అరిచేదంతా అక్కడే అరిచేసి వస్తారు."

"అంటే నీ కాపురం చల్లగా ఉండడానికి నా వంటగది తగలబడాలా?"

ఇలా ఉండగా కొత్త మేనేజరమ్మ వచ్చింది. హోటలు వార్షికోత్సవానికి బార్ గోడమీద ఆ బార్‌దీ భోజనశాలదీ చరిత్ర రాయించి తగిలించాలని ఆమె సంకల్పం. పాత అతిథుల్ని కదిపి చూసింది. అందరిదీ ఒకటే మాట: వంట అమృతం, వంటవాడికే మతి లేదు. ఆమె మాస్టరుని పిలిపించింది.

"మీ వంటకి వంక పెట్టలేను మాస్టారూ. కానీ ఇంకొక్క పొరపాటు జరిగిందా, వంటగది మరొకరికి అప్పగించక తప్పదు."

మాస్టరు ఒళ్లు కుతకుత ఉడికిపోయింది. చెయ్యని తప్పుకి ఉద్యోగం ఊడడమా! ఈసారి బావ అరిచాడో, అందరి ముందూ నిలదీసి కడిగేద్దామని నిశ్చయించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నమే ముహూర్తం కుదిరింది. మేనేజరమ్మ బార్ కౌంటరు దగ్గర కూర్చునుంది. "ఒక కోడి రోస్టు, మూడు పుడ్డింగులు!" అన్నాడు కెప్టెన్. మాస్టరు రెట్టించి అడిగి మరీ చేశాడు. కోడి కిటికీ దాటిందో లేదో, ఉరుము ఉరిమింది.

"ఈ కోడి ఎవడు చెయ్యమన్నాడ్రా?"

మాస్టరు చేతిలో గరిటెతోనే హాల్లోకి దూకాడు. నాలుగడుగులేసి ఆగిపోయాడు.

వీధివైపు కిటికీ పక్క బల్ల దగ్గర ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. ఉతికి ఇస్త్రీ చేసిన పాతబట్టలు, నున్నగా దువ్విన తలలు. ముందర ఒక్క సూపు గిన్నె, మూడు చెంచాలు. పిల్లల చూపు కోడి మీదే.

"మేం ఇది అడగలేదండీ," అంటోంది ఆమె బెదురుతూ.

"మీరు అడగలేదని నాకు తెలీదా? మా వంటవాడికే తెలీలేదు! పొరపాటున వండినదానికి బిల్లు వెయ్యకూడదు, తిరిగి లోపలికి తీసుకోకూడదు. మీరు తినకపోతే పారబొయ్యాలి. ఆ దద్దమ్మ ఉద్యోగం కాస్తా ఊడుతుంది!"

"అయ్యో, పాపం! ఆయన్నేమీ అనకండి," అందామె. ముక్క తీసి చిన్నపిల్ల పళ్లెంలో వేసింది.

మేనేజరమ్మ లేచి వచ్చింది. "మాస్టారూ, ఇది ఎవరైనా చెబితే చేశారా, చెప్పకుండానే చేశారా?"

కెప్టెన్ చటుక్కున కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు. మాస్టరు బావ వంక కొరకొరా చూశాడు. ఇన్నేళ్ల తిట్లూ గొంతుదాకా వచ్చాయి. కోపం రవ్వంతైనా తగ్గలేదు. ఆ కోపంతోనే గరిటె ఎత్తాడు.

"నేనే చేశానండీ! చెప్పకుండా చేశాను! నాకు మతి లేదు, చెవులు లేవు, చాలా? ఇంకా మూడు పుడ్డింగులు కూడా పొరపాటున చేశాను. అవీ పట్టుకొస్తున్నాను!"

మేనేజరమ్మ అతన్ని చూసింది. సూపు గిన్నెలోని మూడు చెంచాల్నీ చూసింది.

"త్వరగా తీసుకురండి మరి," అని వెళ్లి కూర్చుంది.

వంటగదిలో మాస్టరు బావ చొక్కా పట్టుకున్నాడు. "నాతో ఒక్క ముక్క చెప్పి ఏడవొచ్చుగా!"

"చెబితే నవ్వుతూ తిట్లు తింటావు. నటన నీ ఒంటికి పడదు. నువ్వు నిజంగా ఉడుక్కుంటేనే వాళ్లకి నీమీద జాలి. జాలిపడి తింటారు. ఊరికే పెడితే ముట్టుకుంటారా? వాళ్లకి మాత్రం అభిమానం ఉండదూ?"

"అంటే ఇన్నేళ్లూ అందరూ నామీద జాలితో..."

"నీ మొహం ఒక మంచిపనికి పనికొచ్చిందని సంతోషించక!"

వార్షికోత్సవానికి చరిత్ర గోడకెక్కింది. చివరివాక్యం ఇది: ఈ హోటలు వంటగది పొరపాట్లకు పేరుపొందినది. మాస్టరు ఒంటికాలి మీద లేచాడు. "తీయించండి దాన్ని!"

"ఉన్నమాటేగా," అన్నాడు కెప్టెన్ కళ్లజోడు సవరించుకుంటూ.

ఆ పూటే ఒక ముసలాయన వచ్చి రొట్టెముక్క ఒకటి చెప్పి, నీళ్లగ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వడ్డన కిటికీలోంచి తల బయటపెట్టి అది చూసిన మాస్టరు, ఎవరూ అడక్కుండానే, చేప వేయించి పంపాడు.

కెప్టెన్ నిప్పులు కక్కుతూ వచ్చాడు. "ఈ చేప ఎవడు చెయ్యమన్నాడు? నేను నోరే తెరవలేదే!"

ఆ హోటలు చరిత్రలో ఆయన న్యాయంగా అరిచింది అదొక్కసారే. హాలంతా మాస్టరు వైపు జాలిగా చూసింది. ముసలాయన ఫోర్కు అందుకున్నాడు.

"తప్పు నాదే బావా," అన్నాడు మాస్టరు.

"నవ్వకురా," అన్నాడు కెప్టెన్ పళ్లు కొరుకుతూ, "చూస్తున్నారు!"