తేలిన ఊపిరితిత్తి

మొన్న ప్రొద్దుటూరులో డాక్టరు నా ఊపిరితిత్తుల ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఎనభై దాటిన ముసలామె ఉత్తపుణ్యానికి నవ్వుతోందేమిటా అని ఆయన నా తల వైపు అనుమానంగా చూశాడు. నాకేమో మా ఇంగ్లీషు అయ్యవారు గుర్తొచ్చారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయన జమ్మలమడుగు హైస్కూల్లో మాకు పాఠం చెప్పేవారు. పూజారుల ఇంటి మనిషి, కోడిగుడ్డు కనబడినా ముఖం తిప్పుకునేవారు. మాటల పుట్టుకంటే మాత్రం పిచ్చి. ఒకరోజు ఊపిరితిత్తిని ఇంగ్లీషులో పిలిచే 'లంగ్' అనే మాట ఎక్కడిదో చెప్పారు. ఇంగ్లీషుకు, జర్మనుకు ఎప్పుడో ఒకే తల్లిభాష ఉండేదట. దాన్నెవరూ రాసిపెట్టలేదు. కూతుళ్ల ముఖాలు చూసి తల్లి ముఖం ఊహించినట్టు, పండితులే ఆ పాతమాటను కట్టి, ఇది ఊహించిందేనని తెలిసేలా ముందొక నక్షత్రం గుర్తు పెట్టారట. ఆ మాటకు అర్థం 'తేలికైనది'. ఊపిరితిత్తి నీళ్లలో తేలుతుంది కాబట్టి ఆ పేరన్నారు. "మీరు చూసినారా సార్?" అన్నాడు వెనకబెంచీవాడు. ఆయన చూడలేదు. "ఆ పిల్లనడగండి సార్, వాళ్లింట్లో అన్నీ పేగులే" అని వాడు నన్ను చూపించాడు. క్లాసంతా నవ్వింది.

మాది మేకలు, గొర్రెలు పెంచి, కోసి అమ్మే ఇల్లు. ఆ సాయంత్రమే ఇంక బడికి పోనని అమ్మతో చెప్పేశాను. అమ్మ బతిమాలలేదు. "సరే, రేపట్నించి మేకలు తోలుకొని పో" అంది.

ఆదివారం అమ్మ వాకిట్లో మేకపోతు పేగులు కడుగుతుంటే అయ్యవారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఈ నీసులోకి యాల వస్తిరి సామీ?" అంది అమ్మ.

"పుస్తకంలో చదివి చెప్తాండానమ్మా. నిజమో కాదో నాకే తెల్దు. నువ్వు చూపీ."

అమ్మ నీళ్లబానలో కార్జం వేసింది, మునిగింది. గుండెకాయా మునిగింది. ఊపిరితిత్తిని అడుగుదాకా అదిమి వదిలితే పైకొచ్చింది. "తేలక యాడికి పోతాది? అంతా గాలే గదా" అంది. అయ్యవారు ముక్కుమీద గుడ్డ ఎప్పుడు తీసేశారో ఆయనకే తెలియదు. వంగి, తన వేలితో దాన్ని అదిమి చూశారు. ఆ వేలికోసం ఇంట్లో ఎన్ని అక్షింతలు పడ్డాయో నాకు తెలియదు. పోతూ పోతూ, "రేపు పాపను పంపియమ్మా. ఈ పాఠం చెప్పాల్సింది ఆ పిల్లే" అన్నారు.

మరునాడు క్లాసు ముందు నిలబడి నేనే చెప్పాను. ఆయన వెనకబెంచీలో వాడి పక్కనే కూర్చుని విని, చివర్లో లేచి, "ఇది నాకు నేర్పింది ఈ పాప తల్లి" అన్నారు. అంత పెద్దమనసును మళ్లీ నేను చూడలేదు. ఆ తర్వాత బడి మానలేదు, పులివెందులలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను.

అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. ఎట్లుండేదని మనవరాలు అడిగితే, నన్నూ మా చెల్లెల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చూసుకోమంటాను. కాలం అమ్మను ఎక్కడా రాసిపెట్టలేదు, మా రెండు ముఖాలు మాత్రం ఇంకొంచెంకాలం ఉండనిచ్చింది.