పరదా లేకుండా గుట్ట దిగిన మా వదిన

మా జోగమ్మ వదిన ఇక లేదన్న వార్త నాగర్‌కర్నూలు బాలికల బడిలో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. కబురు తెచ్చిన మా ఇంటి జీతగాడు గుమ్మంలో నిలబడి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "ఎవరు, మా అమ్మనా?" అని అడిగాను. ముదిమి మీద పడిన తల్లి మంచం పట్టి ఉండగా, మొన్న మొన్ననే పచ్చడిలో ఉప్పు విషయమై నాతో వాదించి గెలిచిన మనిషి పోతుందని ఎవరు తలుస్తారు? జ్వరమట. అంత స్వల్ప కారణానికి అంత నిండు జీవితం పరిసమాప్తం కావడం నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తున్నది.

నిన్న పదకొండో నాడు మా వనపర్తి ఇంటి పంచలో పెద్దలు సమావేశమై ఆమెను కీర్తించారు. ఒక పండితులు ఆమెను "అసూర్యంపశ్య" అన్నారు. సూర్యుణ్ణి సైతం చూడని ఇల్లాలని భావం. ఆమె భర్త, అంటే మా అన్న, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ తల ఊపాడు. తలుపు చాటున కూర్చున్న నాకు సిగ్గుతో తల వంగిపోయింది. ఆ స్తోత్రం మా ఇంటి గోడలకు చెల్లుతుంది, వదినకు చెల్లదు. ఇప్పుడు నేను రాయకపోతే ఊరికి ఆ మాటే మిగిలిపోతుంది.

వదిన గద్వాల సంస్థానంలో, ధరూరు దగ్గరి పల్లె ఆడపడుచు. పరదా కట్టిన సవారి బండిలో కోడలై వచ్చింది. మాది ఘోషా పాటించే ఇల్లు. మా అన్న దుర్మార్గుడు కాడు. పరువు విషయంలో మాత్రం ఆయన ఊహాశక్తి అపారం. దసరాకు సంస్థానపు ఏనుగు మా సందు వెంట పోతే, మీద కూర్చున్న మావటికి పెరడు కనిపిస్తుందని గోడను మరి రెండు మూరలు లేపించాడు. ఆ గోడ చాటున, నిమ్మచెట్టు కింది తొట్టి దగ్గర, వదిన ఏళ్ల తరబడి స్నానం చేసింది. "నా కాలిగోరు గూడ పరాయి మగోడు సూడలే" అని గర్వంగా చెప్పుకునేది. హైదరాబాదులో కళాశాల చదువు ముగించుకుని వచ్చి నేను ఘోషాను ఎంత ఖండించినా, "నీ నోటికి తలుపు లేదు పిల్లా, మా ఇంటికన్న ఉండనియ్యి" అనేది.

అన్న కోర్టు పని మీద హైదరాబాదు వెళ్లిన ఒకనాడు, గుట్ట మీది ఆంజనేయుని మొక్కు సాకుగా చూపి ఆమెను బయలుదేరదీశాను. గుట్ట మొదలు దాకా సవారి బండి. ఆ పైన మా ఇంటి పద్ధతి: పనివాళ్లు ఇరువైపులా చీరలు అడ్డంగా ఎత్తి పట్టుకుంటే నడుమ దొరసాని నడవాలి. ఎదురుపడినవారు వీపు తిప్పుకుని నిలబడాలి. చీరలు రేగుకంపలకు తగులుకుంటుంటే పట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు గదమాయించుకుంటున్నారు.

"జర పైకి లేపవే, దొరసాని మడమలు కనబడ్తున్నయి."

"నాకేమన్న నాలుగు చేతులున్నయా?"

పైన పాత బురుజు. ఆ గాలికి చీరలు నిలవలేదు. కింద సంస్థానపు మేడ, చెరువు, పెంకుటిళ్ల వరుసలు, ఊరంతా పరచుకుని ఉన్నది. వదిన చాలాసేపు చూసి, "మన ఇల్లేది?" అని అడిగింది. తాను కాపురమున్న ఇంటిని ఆమె బయటి నుంచి ఎన్నడూ చూసి ఎరుగదు.

పనిమనిషి బాలమ్మ వేలు చూపింది. "గా నిమ్మచెట్టు కాడ తొట్టి లేదా, గదే. మన పనిపిల్ల ఎల్లి గిన్నెలు తోముతున్నది సూడుండ్రి."

అంత ఎత్తు గోడ ఉండీ మా పెరడు పళ్లెంలో పెట్టినట్టు ఉన్నది. ఎల్లి కొప్పు విప్పి మళ్లీ ముడుచుకోవడం కూడా కనిపించింది. పక్క బండ మీద పులిజూదం ఆడుతున్న మేకలకాపరులు మమ్మల్ని చూసి మర్యాదగా వీపు తిప్పుకున్నారు.

"ఈళ్లు దినాం ఈడనే ఉంటరా?" అన్నది వదిన.

"పొద్దుగాల్నే వస్తరు దొరసాని."

వదిన కూలబడి ముఖం మీదికి చెంగు లాక్కున్నది. ఆ చెంగులోంచే మాట వచ్చింది. "ఏనుగుకు గోడ కట్టిండు మీ అన్న. గుట్టకేం కడ్తడు?" ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు తెలియలేదు.

లేచి, "ఆ చీరలు మడత పెట్టుండ్రే" అన్నది.

"దొర అడిగితే ఏం జెప్పాలె దొరసాని?" అన్నది బాలమ్మ భయంగా.

"గాలి ఎత్తుకపోయిందని చెప్పు."

నా భుజం పట్టుకుని దిగింది. ఆమె సిగ్గు విడిచిందని తర్వాత బంధువులు అన్నారు. అబద్ధం. భరించలేనంత సిగ్గు కలిగింది గనుకనే దిగింది. ఇన్నేళ్లు తాను కాపాడుకున్నదేదీ అసలు దాగి లేదని తెలిసిన సిగ్గు అది.

అన్న తిరిగి వచ్చి తొట్టి మీద కప్పు వేయించాడు, ఆమెతో మాటలు మానేశాడు. ఆమె వాదించలేదు. సంతకు పోయింది. మరి ఏ సంతా మానలేదు. పల్లె నుంచి మిరపకాయలు తెచ్చే ఈరమ్మ ముందు గొంతు కూర్చుని బేరమాడేది.

"దొరసానివి, గింత పిసినారివేంది?" అనేది ఈరమ్మ.

"దొర చెయ్యి పెద్దది. ఇంట్ల ఒక్కరన్న పిసినారోళ్లు ఉండాలె గద."

ఇటువంటి మనిషి పాడె లేచిననాడు దాని చుట్టూ మా అన్న మళ్లీ చీరలు పట్టించాడు. "ఇదేందన్నా?" అన్నాను. "ఈ ఒక్కనాడన్న నా పరువు నాకు దక్కనియ్యవే" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఎవరికీ లొంగని నా నోరు ఆ ఏడుపుకు లొంగింది. ఆమె పక్షాన అడగడానికి ఆ వాకిట్లో నేను తప్ప ఎవరూ లేరు. లేరని ఎరిగీ ఊరుకున్నాను. చదువుకున్నదానినని చెప్పుకోవడానికి ఇప్పుడు ముఖం చెల్లడం లేదు.

శవం కదిలిన రోజు సంత రోజే, పాడె సంత నడుమ నుంచే పోయింది. మరుసటి సంతకు నేను ఈరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మీ వదిన రాలేదేందమ్మ? పోయిన సంతకు గూడ రాలె. పానం బాగలేదా?"

చెప్పాను. ఆమె చేతిలోని తక్కెడ దించింది.

"గా దినం పరదాల పోయింది ఆమెనా? ముసలి దొరసాని అనుకుంటిమి. మేమందరం లేసి వీపు తిప్పుకుంటిమి గదమ్మా."

వదినా, నీవంటి ధీర మా ఇంటికి మళ్లీ రాదు. నీ పాదాలకు మొక్కడానికైనా నాకు అర్హత ఉన్నదో లేదో తెలియదు. సంత సంతంతా నీ ముఖం ఎరుగును. చివరిసారి చూసుకోవడానికి వాళ్లంతా అక్కడే ఉన్నారు. వీపు తిప్పించింది మేమే.