దుప్పటి దాటని చప్పుడు

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం మీద పోతుంటే దారిలో ఉన్నవాళ్లు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. మా తాత కచేరీకి వచ్చిన సర్కారు ఉద్యోగులు ఆయన కూర్చోమనేదాకా నిలబడే ఉండేవారు. మా బాపు ఆ కోటలాంటి ఇంట్లో, గడీలోనే పుట్టాడు. నాకు ఊహ తెలిసేసరికి గడీ గోడలు, కొంత భూమి, ఆ పేరు మాత్రం మిగిలాయి. వెట్టి పోయింది. నీళ్లు తోడేవాళ్లు, వడ్లు దంచేవాళ్లు, వంటమనిషి ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. వాళ్లందరి పనీ మా మేనత్త మీద పడింది.

ఆమె బాపుకు చెల్లెలు. పెండ్లయిన నాలుగో ఏట భర్త పోయాడు. జడ్చర్ల అవతల అత్తగారింట్లో పదేళ్లు ఉండి, ఒకనాడు కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చేసింది. అక్కడ తనను గొడ్లకొట్టంలో పడుకోబెట్టేవారని, అందరూ తిన్నాక మిగిలితేనే పెట్టేవారని నాతో ఒకసారి చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో అవ్వ, బాపు, మేనత్త, నేను. పని చేసేది ఆమె ఒక్కతే. పని చేయడం మాకు తెలియదు, నేర్చుకోవాలని అనుకోలేదు కూడా.

నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చేయి రొమ్ము దాకా లేచి ఆగిపోయేది. చేదతాడు లాగలేకపోయింది. రోకలి ఎత్తలేకపోయింది. తల దువ్వుకోవడం కూడా ఎడమచేత్తోనే.

“నాటకాలు,” అంది అవ్వ. “అన్నం ముద్ద నోట్లెకు మంచిగనే పోతాంది. రోకలి దగ్గర్నే నొస్తదా?”

“ఎడమచేత్తోని తింటున్ననే అమ్మా, చూస్తలేవా?”

“సిగ్గులేక చెప్తున్నవ్.”

బాపు గడువు పెట్టాడు. “ఉగాది దాకా చూస్త. చెయ్యి లేసిందా, ఉంటవు. లేవలేదా, నీ అత్తగారింటికి తోలుత. కూసుండవెట్టి సాకనీకె ఇంకా జాగీరుందా మనకు?”

“అన్నా, నీ కాళ్లు మొక్కుత. యాడికన్న తోలు. ఆడికి మాత్రం తోలకు.”

ఆనకట్ట పనివాళ్ల దవాఖానలో కొత్త మిషిను వచ్చిందని, రాళ్లు మోసి బిగుసుకుపోయిన భుజాలు దాంతో లేస్తున్నాయని విన్నాం. ఇప్పుడు అల్ట్రాసౌండ్ అంటే కడుపులో బిడ్డను చూసే పరీక్ష అనుకుంటారు. ఆ రోజుల్లో మేము చూసింది వైద్యానికి వాడేది. బూడిదరంగు పెట్టె, దానికి ఒక తీగ, తీగ చివర పిడి, పిడికి రూపాయి బిళ్లంత ఉక్కు ముఖం. చెవికి వినిపించని చప్పుడు అందులోంచి కండలోకి పోయి, బిగిసినదాన్ని వదులు చేస్తుందట. పన్నెండు రోజులు వరసగా రావాలన్నాడు డాక్టరు. అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాం.

మిషిను నడిపే మనిషిని చూడగానే బాపు పోల్చుకున్నాడు. మా ఊరివాడే. వాళ్ల నాయన గొర్లు కాసేవాడు, పండుగ పండుగకూ గడీకి ఒక పొట్టేలును తోలుకొచ్చేవాడు.

“నువ్వు గొర్లోని కొడుకువు గాదురా?”

“ఔను దొరా. ఇప్పుడు గీ మిషిని కాస్తున్న. మంద లెక్క చేన్ల వడి మేయది, నయమే.” నవ్వాడు. “పట్నంల పండ్ల పాచి గూడ గిట్లాంటి చప్పుడుతోనే గీకుతున్నరట.”

“ఎక్కువ మాట్లాడితే నీ పండ్లే రాలుతయి. పని చూడు.”

వాడు నూనె సీసా తీశాడు. భుజానికి నూనె రాసి, దాని మీద ఆ బిళ్లను తిప్పాలి. బాపు లేచి నిలబడ్డాడు. మా ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాళ్లకు కనిపించరు. గొర్లకాపరి కొడుకు చేయి మా ఇంటి ఆడదాని భుజం మీద పడటమన్నది మా ఊహకే అందని సంగతి. బాపు మిషిను గదిలో అడ్డంగా తాడు కట్టించి దుప్పటి వేయించాడు. ఇవతల మేనత్త భుజాన్ని దుప్పటికి ఆనించి కూర్చోవాలి. అవతలి నుంచి వాడు దుప్పటి మీదనే బిళ్ల తిప్పాలి. నూనె లేదు.

“గట్ల పోదు దొరా,” అన్నాడు వాడు. “చప్పుడు బట్ట దాటదు.”

“మా అమ్మ తెర ఎనక నుంచి కేకేస్తే వాకిట్ల మీ నాయిన లేసి ఉరికెటోడు. మనిషి అరుపే తెర దాటంగ, గింత మిషిని చప్పుడు దాటదా?”

నాకూ అది సబబుగానే తోచింది. మా ఇంట్లో పుట్టినవాళ్లెవరికైనా అలాగే తోచేది. అవ్వ నలభై ఏళ్లు తెర వెనక కూర్చుని గొంతుతోనే గడీని నడిపింది. గుడ్డ చప్పుడును ఆపగా మేము ఎన్నడూ చూడలేదు.

వాడు బిళ్ల మీద ఒక నీటిచుక్క వేసి చూపాడు. చుక్క గజగజలాడి పొగలా లేచింది. “నీళ్లల్ల పోతది, నూనెల పోతది. పొడి గుడ్డ పోగుల నడుమ గాలుంటది దొరా. గాలి కాడ ఆగిపోతది. కనీసం దుప్పటిని తడపనీయుండ్రి.”

“తడి గుడ్డ ఒంటికంటుకుంటది. ఆమె భుజం ఎట్లుందో చూడాల్నని ఉందారా నీకు?”

వాడు నూనె సీసాకు మూత పెట్టాడు. డాక్టరు వచ్చి, “అలా చేస్తే ప్రయోజనం ఉండదండీ,” అన్నాడు. బాపు ఆయన వైపు చూడలేదు. ఆయన వెళ్లిపోయాడు.

ఆరు రోజులు పొడి దుప్పటి మీదనే నడిచింది. “వేడి తగుల్తుందా?” అని బాపు బయట బెంచీ మీంచి అడిగేవాడు. “తగుల్తాంది అన్నా,” అనేది. “చూసినవా రా?” అనేవాడు వాడితో. దాటలేని చప్పుడు ఆ ఉక్కు బిళ్లనే వేడెక్కిస్తుందని తర్వాత తెలిసింది. చేయి మాత్రం రొమ్ము దాటలేదు.

ఏడోనాడు నేను ఇవతల ఆమె పక్కన నిలబడ్డాను. రవిక భుజమంతా తడిగా ఉంది. వంటకు తెచ్చుకున్న పల్లినూనె పోసుకుని వచ్చింది. దుప్పటి కూడా తడవసాగింది. అవతలివాడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ బిళ్ల తిప్పసాగాడు.

“అల్లుడా,” అంది మెల్లగా, “బొక్క దాకా పోతాంది. మీ నాయినకు చెప్పకు.”

మరునాడూ అంతే. తొమ్మిదో రోజు కిరాయి గదికి వచ్చి కుడిచేత్తో అన్నం కలిపి, మెడ కొంచెం వంచి, ముద్దను నోటిదాకా తీసుకుపోయింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నేను అంతకు ముందు చూడలేదు.

నేను బాపుకు చెప్పేశాను. నూనె తాగిన చోట దుప్పటీ రవికా పలచబడి, అవతలి నుంచి చూస్తే ఆమె ఒంటి రంగు కనబడుతోంది. అవతల ఉన్నది మా గడీ ముందు నడుం వంచినవాని కొడుకు. మూడు రోజులు ఓర్చుకున్నాను, ఇక ఓర్చుకోలేకపోయాను. బాపు నూనెసీసాను ఆమె ఎదురుగానే మోరీలో పారబోశాడు. మరునాడు పొద్దున్నే బస్సెక్కాం. వైద్యం ఇంకా మూడు రోజులుంది. మేనత్త ముందు ఆడవాళ్ల సీట్లో ఉంది. వాడు వెనక నా కిటికీ దాకా వచ్చి, “దొరసాని చెయ్యి నయమయ్యే మలుపుకొచ్చింది, గిప్పుడు తోల్కపోకుండ్రి,” అన్నాడు. కిటికీ మూశాను.

ఉగాది నాడు బాపు తల ఎత్తున ఉన్న గూట్లో సోల పెట్టి, కుడిచేత్తో దించమన్నాడు. వచ్చిన కాస్త సడలింపూ అప్పటికే పోయింది. ఆమె మనిషంతా పక్కకు ఒరిగింది. చేయి లేవలేదు.

“ఒంటికాలి కొంగ లెక్కుంది,” అని అవ్వ పకపకా నవ్వింది.

ఆమెను తీసుకుపోయింది నేనే. జడ్చర్లలో బస్సు దిగి ఎడ్లబండి ఎక్కాక అడిగింది: “ఆ మూడు రోజులు గూడ ఉంటే లేస్తుండెనా, అల్లుడా?”

“నాకేం తెలుసు?” అన్నాను. మలుపుకొచ్చిందని వాడు అన్న మాట ఆమెకు చెప్పలేదు.

ఆమె మరిది వాకిట్లోనే ఆపాడు. చేయి వంక చూశాడు.

“మంచిగున్నన్ని దినాలు మీరు వాడుకుంటిరి. పాడైనంక మాకు తెచ్చినవా?” ఆమె వైపు తిరిగాడు. “ట్రంకు పెట్టె ఎవలు మోస్తరు? దించుకో.”

ఆమె ఎడమచేత్తో దించుకుంది. అటువంటి మనిషితో మాట్లాడటం మాకు తగదని నేను వాకిలి దాటకుండానే తిరిగివచ్చాను. ఆమె అక్కడ ఆరేళ్లు బతికిందట. చూడ్డానికి ఒక్కసారీ పోలేదు.

ఆమెను దింపి వచ్చిన ఆ ఎండాకాలమే, పసుపు కుంకుమల కింద తాత ఆమె పేరున రాసిన మూడెకరాల తరి పొలాన్ని హాలియా ఊరి వ్యాపారికి అమ్మేశాం.